నాలుగు పిన్నుల ఇగ్నిషన్ మాడ్యూల్‌తో ఎనిమిదేళ్లు

నా పాత జాగ్వార్ కారులో ఇగ్నిషన్ పెట్టె, అంటే స్పార్క్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె, మూత తీసిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. అరచేతంత అల్యూమినియం పెట్టె, దాని మీద ఇంగ్లండ్ విడిభాగాల కంపెనీ లూకస్ పేరు, ఏబీ14 అని నంబరు. జాగ్వార్ ఎక్స్‌జే6 సిరీస్ 3 నడిపేవాళ్లకి దాన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. అది పోతే పెట్టెకి పెట్టె మార్చాల్సిందే అన్నారు, దొరకడం కష్టం అన్నారు, దొరికినా అసలుదో నకిలీదో తెలియదన్నారు. ఎలాగూ చచ్చిందే కదా అని మూత విప్పాను. లోపల ఒక పక్కన నల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి, రెండు స్క్రూలతో బిగించి ఉంది. దానికి నాలుగు పిన్నులు. జనరల్ మోటార్స్ తన 1975 మోడల్ కార్ల నుంచి డిస్ట్రిబ్యూటర్ల (స్పార్క్‌ని సిలిండర్లకి పంచే భాగాల) లోపల వరసపెట్టి బిగించిన, హై ఎనర్జీ ఇగ్నిషన్ అనే హెచ్‌ఈఐ మాడ్యూల్ అది. జనరల్ మోటార్స్ విడిభాగాల పేరు ఏసీ డెల్కో, ఆ నంబర్లలో డి1906. దానికి తోడుగా ఒక కెపాసిటర్, ఒక జీనర్ డయోడ్. ఇంగ్లిషు కారు గుండె అనుకున్నది అమెరికన్ ట్రక్కుల్లో కూడా కొట్టుకునే మామూలు గుండే.

ఈ సమీక్ష ఆ చిన్న ముక్క గురించే. కారు గురించి కాదు, దాని సోకుల గురించి అసలు కాదు.

ముందు అది ఎలా చచ్చిందో చెప్పాలి. ఇలాంటిది పోయినప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది పెట్రోలు పంపు మీద పడతారు, నేనూ పడ్డాను. చల్లగా ఉన్నప్పుడు బండి ఒక్క సెల్ఫ్‌కి లేస్తుంది. ఇరవై నిమిషాలు నడిచాక, ఎవరో తాళం తిప్పేసినట్టు ఆగిపోతుంది. అరగంట పక్కన పెడితే ఏమీ జరగనట్టు మళ్లీ లేస్తుంది. "పెట్రోలు రావట్లేదేమో అన్నయ్యా" అన్నాడు పక్కన కూర్చున్న మా తమ్ముడు. పెట్రోలు రాకపోతే ఇంజిన్ దగ్గుతుంది, ఈడుస్తుంది, బతిమాలించుకుని మరీ ఆగుతుంది. ఇది అలా కాదు. ఆర్‌పీఎం ముల్లు మెల్లగా దిగలేదు, తెగిన గాలిపటంలా సున్నాకి పడింది. సెల్ఫ్ కొడుతుంటే ముల్లు కొంచెమైనా వణకాలి, అదీ లేదు. ఆ ముల్లుకి సంకేతం వెళ్లేది కాయిల్ (స్పార్క్‌కి కావలసిన పెద్ద వోల్టేజీ పుట్టించే తీగ చుట్ట) నెగటివ్ నుంచి. అంటే కాయిల్‌కి కరెంటు ఇచ్చి తెంపే పని ఆగిపోయిందన్నమాట. ఆ పని చేసేది ఈ మాడ్యూలే.

రెండోసారి ఆగినప్పుడు తాగే నీళ్లు తువ్వాలు మీద పోసి, కనెక్టరు తడవకుండా పెట్టె మీద పరిచాను. అయిదారు నిమిషాల్లో బండి లేచింది. ముందురోజు అరగంట పట్టింది, ఈసారి అయిదు నిమిషాలు. ఇక పంపు జోలికి పోలేదు.

అయినా తొందరపడి మాడ్యూల్ మీదే నేరం మోపకూడదని డిస్ట్రిబ్యూటర్‌లో పళ్ల చక్రం తిరుగుడుని పసిగట్టి మాడ్యూల్‌కి సంకేతం పంపే పికప్ కాయిల్‌ని మల్టీమీటర్‌తో కొలిచాను. ఈ కార్లలో అది 2,200 నుంచి 4,800 ఓమ్‌ల మధ్య ఉండాలి. నాది మూడు వేల చిల్లర చూపించింది. పికప్‌కీ తిరిగే పళ్ల చక్రానికీ మధ్య సందు 0.20 నుంచి 0.35 మిల్లీమీటర్లు ఉండాలి, అదీ సరిగానే ఉంది. (సందు కొలిచే రేకు ఇత్తడిదై ఉండాలి. ఇనుప రేకు పికప్‌లో అయస్కాంతానికి అతుక్కుని తప్పు కొలత ఇస్తుంది.) ఆ తర్వాతే పెట్టె విప్పాను.

మీ కారులో ఏముందో తెలియకపోతే డిస్ట్రిబ్యూటర్ నుంచి ఎన్ని తీగలు బయటికొస్తున్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే అయితే పాయింట్లు, అంటే తెరుచుకుని మూసుకునే పాతకాలపు స్విచ్చు. రెండు తీగలు విడిగా ఉన్న పెట్టెకి వెళ్తే అయస్కాంతం పికప్, నా కారుది అదే. మూడొస్తే చాలామటుకు హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే ఎలక్ట్రానిక్ ముక్క), లేదా లూకస్ వాళ్ల పాత ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఓపస్. రెండు తీగలు, ఎరుపూ నలుపూ, నేరుగా కాయిల్‌కే వెళ్తే మీకంటే ముందు యజమాని ఎవరో పాయింట్లు పీకేసి బయటి కిట్ పెట్టించాడని అర్థం. హెచ్‌ఈఐ అన్న పేరు చూసి ఏడు పిన్నులది కొనకండి. అది కంప్యూటర్ టైమింగ్ ఉన్న తర్వాతి కార్లది, ఇక్కడ పనికిరాదు. నాలుగు పిన్నులదే కావాలి.

మార్చడం గంట పని. డబ్ల్యూ, జీ అన్న పిన్నులకి పికప్ తీగలు, బీకి బ్యాటరీ, సీకి కాయిల్ నెగటివ్. కింది లోహపు పలకే ఎర్త్, కాబట్టి స్క్రూలు గట్టిగా కూర్చోవాలి. పాతది పీకితే కింద వేడి లాగే పేస్టు సున్నంలా ఎండి పొడిగా రాలింది. ఇన్నేళ్లు ఇంజిన్ పక్కన ఉడికాక ఏ పేస్టైనా అంతే. లోపలి ట్రాన్సిస్టర్ అయిదు ఆంపియర్లకి పైగా కరెంటుని పట్టి ఆపుతూ ఉంటుంది. ఆ వేడి పలక గుండా పెట్టెలోకి దిగకపోతే అది బతకదు. గీకి, స్పిరిట్‌తో తుడిచి, కంప్యూటర్ ప్రాసెసర్లకి రాసే పేస్టు పల్చగా రాసి బిగించాను.

బండి లేచింది. ఐడిలింగ్ గడియారంలా ఉంది. స్పార్క్ ఏ క్షణంలో కొడుతోందో చూపే టైమింగ్ లైట్ పెట్టి గుర్తులు కలిపాను. ఆ వారమంతా కనిపించినవాళ్లకల్లా చెప్పాను, "ఇంజిన్ ఇంతకుముందుకంటే మెత్తగా ఉంది" అని. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి.

మెత్తగా ఉన్నమాట నిజమే. ముసలాయన మెత్తబడినట్టు మెత్తబడింది. ఎత్తు ఎక్కేటప్పుడు కాలు ఎంత నొక్కినా లాగదు, ఆలోచిస్తుంది. గేరు ముందే దిగిపోతుంది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటుకి వేలెడు పైన నిలబడుతుంది. పెట్రోలు తాగడం పెరిగింది, కానీ అది మొదట్నుంచీ తాగేదే కాబట్టి పట్టించుకోలేదు. మనసులో మాత్రం వయసైపోయిందని కారునే తిట్టుకున్నాను. ఇలా నాలుగు నెలలు.

ఒకరోజు తోచక మళ్లీ టైమింగ్ లైట్ తీశాను. ఇంజిన్ పీల్పుతో డిస్ట్రిబ్యూటర్ లోపలి పలకని కదిపే వాక్యూమ్ పైపు పీకి ఐడిలింగ్‌లో చూస్తే గుర్తు ఉండాల్సిన చోటే ఉంది. మెల్లగా యాక్సిలరేటర్ పెంచుతూ చూశాను. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకి జరగాలి. ఇది జరిగీ జరగనట్టు కదిలి నిలబడిపోయింది. పైగా గుర్తు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ ఊగుతోంది. డిస్ట్రిబ్యూటర్‌లో వేగంతో స్పార్క్‌ని ముందుకి జరిపే అడ్వాన్స్ బరువులు బిగుసుకున్నాయనుకున్నాను. రెండు ఆదివారాలు పెట్టి మొత్తం ఊడదీసి, కడిగి, స్ప్రింగులు చూసి, నూనె చుక్క వేసి బిగించాను. బరువులు వెన్నలా కదులుతున్నాయి. లైట్ పెడితే మళ్లీ అదే ఊగుడు.

చివరికి తప్పు పట్టించింది ఫోన్. పాత మాడ్యూల్ విప్పేముందు తీసిన ఫొటో అందులో ఉంది. పెద్దది చేసి చూశాను. డబ్ల్యూకి వెళ్లిన తీగ నేను జీకి పెట్టాను, జీది డబ్ల్యూకి. ఎండిపోయిన తీగల చివర్లు విరిగితే కత్తిరించి కొత్త క్లిప్పులు వేశాను కదా, అక్కడ తారుమారైంది.

మరి బండి ఎలా నడిచింది? అదే ఈ తప్పులో మాయ. పన్ను దగ్గరికొస్తుంటే పికప్‌లో వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది, పన్ను ఎదురుగా వచ్చి దాటేటప్పుడు నిట్టనిలువుగా పడిపోతుంది. మాడ్యూల్ స్పార్క్ కొట్టాల్సింది ఆ నిలువు పతనం దగ్గర, ఎందుకంటే అది ఏ వేగంలోనైనా ఒకే చోట జరుగుతుంది. తీగలు తారుమారైతే బొమ్మ తలకిందులై, మాడ్యూల్ వాలు గీత మీద ఎక్కడో ఒకచోట స్పార్క్ కొడుతుంది. వాలు మీద ఆ చోటు వేగాన్నిబట్టి జరుగుతూ ఉంటుంది. ఐడిలింగ్‌లో నేను డిస్ట్రిబ్యూటర్ తిప్పి గుర్తు కలిపేశాను కాబట్టి అక్కడ అంతా బాగానే కనిపించింది. మిగతా వేగాలన్నిటిలో తప్పు నడిచింది. పూర్తిగా ఆగిపోయి ఉంటే ఆ రోజే దొరికేవాణ్ని. నడిచింది కాబట్టే నాలుగు నెలలు మోసపోయాను.

రెండు క్లిప్పులు అటుదిటు మార్చి, టైమింగ్ మళ్లీ మొదట్నుంచి పెట్టాను. ఆ సాయంత్రం అదే ఎత్తు ఎక్కుతుంటే మా తమ్ముడు "ఇంజిన్ మార్చావా?" అన్నాడు. మెత్తదనం గురించి అంతకుముందు చెప్పినవాళ్లెవరికీ ఇప్పటిదాకా ఈ కథ చెప్పలేదు.

ఆ తర్వాత మూడేళ్లు మూత తియ్యలేదు. నాలుగో ఏడాది వేసవిలో బండి మళ్లీ తెగిపడ్డట్టు ఆగింది. ఈసారి తడి తువ్వాలుకి లొంగలేదు. మాడ్యూల్ మార్చాను, రెండు రోజులు నడిచి అదీ పోయింది. చౌకగా దొరికిందని కొన్న నకలు అది, కింది పలక సమంగా లేదు. అద్దం మీద పెడితే కింద నుంచి వెలుతురు కనిపిస్తోంది. వేడి దిగే దారి లేనప్పుడు పేస్టు ఎంత మెత్తితే ఏం లాభం. తర్వాత నకలు కాని అసలువే రెండు కొన్నాను. ఒకటి బిగించి, ఒకటి డిక్కీలో సీసాలో పెట్టాను. సీసాలోది ఇప్పటికీ అలాగే ఉంది. పలక చదునుగా ఉందో లేదో అద్దం మీద పెట్టి చూడకుండా ఇప్పుడు ఏదీ బిగించను.

అంటే "ఎనిమిదేళ్లు ఒక్క ముక్కతో" అని నేను అప్పుడప్పుడూ చెప్పుకునేది పూర్తిగా నిజం కాదు. లెక్కకి మూడు ముక్కలు. ఏడో ఏట ఇంకొకటీ జరిగింది, కానీ దాని నేరం మాడ్యూల్‌ది కాదు. పికప్ తీగ డిస్ట్రిబ్యూటర్ లోపల వాక్యూమ్ పలకతో పాటు కదిలీ కదిలీ, ఇన్సులేషన్ లోపల తెగింది. బయటికి బాగానే కనిపిస్తుంది. కొలిస్తే ఓమ్‌లూ సరిగానే ఉంటాయి. మీటర్ పెట్టి ఉంచి, వాక్యూమ్ పైపుని నోటితో పీల్చి పలకని కదిలిస్తేనే అంకె మాయమైంది. నేను మాత్రం ముందు సీసాలోని మాడ్యూల్ బిగించి, అదీ ఆగిపోయాక, తిరిగి సీసాలో పెట్టాక గాని ఆ పని చెయ్యలేదు.

బయటి కిట్ల గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. మా ఇంట్లో ఇంకో పాత కారు ఉంది, పాయింట్లు తీసేసి రెండు తీగల కిట్ పెట్టాం. పెట్టడం దానికే తేలిక, చూడ్డానికి కూడా ఏమీ మారినట్టు ఉండదు. కానీ ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో మర్చిపోతే, రక్షణ లేని పాత రకం కిట్లలో కాయిల్ గుండా కరెంటు పారుతూనే ఉండి కిట్ కాలిపోవచ్చు. హెచ్‌ఈఐ మాడ్యూల్ పికప్ నుంచి సంకేతం లేకపోతే కాయిల్‌ని వదిలేస్తుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి వైరింగ్ వెతుక్కునే నాలాంటివాడికి ఆ ఒక్క గుణం చాలు. ఇంకో తేడా కాయిల్. ఈ మాడ్యూల్‌కి ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే చుట్ట) ఒక ఓమ్‌కి లోపు ఉన్న కాయిల్ కావాలి, పాయింట్ల కాలం నాటి మూడు ఓమ్‌ల కాయిల్ పెడితే స్పార్క్ నీరసంగా ఉంటుంది. ఆ చిన్న ఓమ్‌ల కాయిల్‌నే అలాంటి పాత రకం రెండు తీగల కిట్‌కి తగిలిస్తే కిట్ పోవచ్చు. ఒకదాని కాయిల్ ఇంకోదానికి పెట్టకండి.

కొనొచ్చా అంటే, నా సంగతి చెప్తాను. నేను వారానికి ఒకసారి, ఎక్కువైతే రెండుసార్లు బండి తీస్తాను. సోల్డరింగ్ వచ్చు, పెట్టె విప్పడం సరదా. బయటికి అసలు పెట్టె అసలుదిలాగే ఉండాలన్న పిచ్చి కూడా కొంచెం ఉంది. రోజూ ఆఫీసుకి ఇదే కారులో వెళ్లాల్సి ఉంటే, మాడ్యూల్‌ని పెట్టెలోంచి బయటికి తెచ్చి, ఇంజిన్ వేడికి దూరంగా పెద్ద అల్యూమినియం పలక మీద బిగించుకునేవాణ్నేమో. పన్నెండు సిలిండర్ల జాగ్వార్ వాళ్లు కొందరు ఆ పనే చేస్తారు, వాళ్ల ఇంజిన్ మధ్య లోయలో వేడి ఇంకా ఎక్కువ. నాకు మాత్రం ఇంకా పాత చోటే బాగుంది. వచ్చే వేసవి దాటాక మళ్లీ అడగండి, సీసాలో ముక్క ఇంకా అక్కడే ఉందో లేదో చూసి చెప్తాను.