హళ్లికి హళ్లి దొరకలేదు: మూడు నెలలు వాడిన వ్యాక్యూమ్ ఛాంబర్ సెట్టు

డబ్బా మీద పెద్దక్షరాలతో "100 శాతం వ్యాక్యూమ్" అని అచ్చేశారు. ముందు దాని సంగతి తేల్చేస్తాను: అబద్ధం. ఈ కంపెనీ కాక ఇంకెవరు రాసినా అబద్ధమే. అయినా ఈ సెట్టుకి ఐదుకు నాలుగు వేస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది. తొందరలో ఉన్నవాళ్లు చివరి రెండు పేరాలు చూసుకుని వెళ్లిపోవచ్చు, ఏమీ అనుకోను.

డిగ్రీలో ఫిజిక్సు చదివి, ఆ తర్వాత ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే పనిలో పడ్డాను. 22 ఏళ్లయింది. రాగి పైపుల్లోంచి గాలినీ తేమనీ లాగెయ్యడం నాకు రోజువారీ పని. గ్యాస్ ఎక్కించే ముందు లైను సరిగ్గా వ్యాక్యూమ్ చెయ్యకపోతే, మిగిలిన తేమ లోపలి ఆయిల్‌ని పాడుచేసి, యాసిడ్ పుట్టించి, నెమ్మదిగా కంప్రెసర్‌ని తినేస్తుంది. అందుకని గేజి 500 మైక్రాన్ల (లోపల మిగిలిన ఒత్తిడికి మా కొలత) కిందికి దిగేదాకా పంపు పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంటాం. అలా కూర్చుని కూర్చునే నాకీ పురుగు పట్టింది. ఇన్నేళ్లలో లోపల ఏం జరుగుతోందో ఒక్కసారీ కంటితో చూడలేదు. రాగికి కిటికీ ఉండదు కదా. సరే, సరదాకి అద్దంలాంటి మూత ఉన్న ఛాంబర్ ఒకటి తెప్పించుకుందాం అనుకున్నాను.

వచ్చినవి: 12 లీటర్ల స్టీలు గిన్నె, 25 సెంటీమీటర్ల అడ్డుకొలతతో దళసరి యాక్రిలిక్ మూత, రబ్బరు గాస్కెట్, రెండు స్టేజీల రోటరీ వేన్ పంపు, హోస్, ఓ డయల్ గేజి. ఆ డయల్ గేజి ఆటవస్తువు. ముల్లు చివరికంటా వెళ్లి ఆగిపోతే చాలు, అయిపోయిందని సంబరపడమంటుంది. అది పీకేసి నా డిజిటల్ మైక్రాన్ గేజి బిగించాను.

మొదటి రోజు 700 దగ్గర మొండికేసింది. పంపుని ఛాంబర్‌తో కలపకుండా విడిగా చూస్తే 30కి దిగుతోంది (కాగితం మీద 15 అని ఉంది, పోనీలెండి). అంటే తప్పు గాస్కెట్‌ది. వేలితో తడిమితే అచ్చు అతుకు గీతలా తగిలింది. అమ్మినవాళ్లకి రాస్తే "మీ గేజి తప్పు చూపిస్తోంది" అన్నారు. 22 ఏళ్లుగా గేజి చూసి బతుకుతున్నవాడికి ఆ మాట! ఫొటోలు పంపాక పది రోజులకి కొత్త గాస్కెట్ వచ్చింది. దానికి వ్యాక్యూమ్ గ్రీజు పట్టిస్తే 100కి దిగి నిలబడింది.

ఈ 100 అంటే ఏమిటో చెప్పకపోతే డబ్బా మీది అబద్ధం అర్థం కాదు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. మిల్లీమీటరుకి వెయ్యి మైక్రాన్లు, కాబట్టి మొత్తం 7,60,000 మైక్రాన్లు. నేను దింపింది 100కి, అంటే 7,600లో ఒక వంతుకి. గొప్పగానే ఉంది కదా? అణువుల్లో లెక్కేస్తే మాత్రం ఆ గొప్ప కాస్తా తుస్సుమంటుంది. ఆ 100 మైక్రాన్ల దగ్గర కూడా ఒక్కో ఘన సెంటీమీటరులో సుమారు 32 కోట్ల కోట్ల అణువులు మిగులుతాయి. బొటనవేలి గోరంత చోటులో! 1640ల్లో ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి పాదరసం నింపిన గాజు గొట్టాన్ని బోర్లించినప్పుడు పైన మిగిలిన ఖాళీయే నయం. అందులోని పాదరసం ఆవిరిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఒత్తిడి సుమారు 2 మైక్రాన్లే. పంపు లేదు, కరెంటు లేదు, గాస్కెట్ గొడవ అసలే లేదు.

అలాగని చేతిలో ఉన్నదాన్ని తక్కువ చెయ్యకండి. గాలి తీసేశాక ఆ మూత మీద పడే బరువు సుమారు 500 కిలోలు. గంటు పడిన యాక్రిలిక్‌తో పంపు వెయ్యొద్దు. కళ్లద్దాలు పెట్టుకోండి.

నీళ్ల ప్రయోగం చూసి తీరాలి. చిన్న గిన్నెలో కాసిని నీళ్లు పోసి పంపు వేస్తే, ఒత్తిడి 24 మిల్లీమీటర్ల దరిదాపుకి రాగానే పొయ్యి లేకుండానే తెర్లుతాయి. తెర్లుతూనే చల్లబడతాయి. ఇంకాసేపటికి పైన మంచు పొర కడుతుంది. ఇన్నేళ్లూ పైపుల్లో తేమని నేను ఇలాగే మరిగించి లాగుతున్నానన్నమాట! (పంపుకుండే గ్యాస్ బ్యాలస్ట్ వాల్వు, అంటే కాస్త గాలి పంపి నీటి ఆవిరిని బయటికి తోసేది, తెరిచి పెట్టండి, లేకపోతే పంపు ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. నాకు ఒకసారి అయింది.)

తర్వాత బటన్ సెల్‌తో నడిచే చిన్న బజర్‌ని స్పాంజి ముక్క మీద పెట్టాను. ఫోను పెట్టకండి, బ్యాటరీ ఉబ్బుతుంది. పంపు తిరిగేకొద్దీ చప్పుడు సన్నగిల్లి, ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టయి, పోయింది. బజర్ మీదున్న ఎర్ర లైటు మాత్రం అలాగే వెలుగుతోంది. దాన్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. చప్పుడు మోసుకొచ్చేది గాలి, అది పోయింది. మరి వెలుగుని మోసుకొస్తున్నదేమిటి? 19వ శతాబ్దంలో పెద్దపెద్దవాళ్లంతా దీనికి ఈథర్ అని ఒక పదార్థాన్ని ఊహించుకున్నారు. 1887లో మైకెల్‌సన్, మోర్లీ దాని జాడ కోసం వెతికితే ఏమీ దొరకలేదు. 1905లో ఐన్‌స్టీన్ దాని అవసరమే లేదన్నాడు. విద్యుదయస్కాంత క్షేత్రానికి మోసేవాడు అక్కర్లేదు. నా పంపు ఎంత గట్టిగా లాగినా గాలి వస్తుంది గానీ ఆ క్షేత్రం రాదు.

ఇక్కడినుంచి నా రివ్యూ పంపుని దాటి పోతుంది, ఓర్చుకోండి.

ఒక్క అణువు కూడా మిగలకుండా లాగానే అనుకుందాం. ఛాంబర్ గోడలు వెచ్చగా ఉన్నాయి కాబట్టి లోపలికి ఉష్ణకాంతిని వదులుతూనే ఉంటాయి. గది వేడి దగ్గర ప్రతి ఘన సెంటీమీటరులో సుమారు 55 కోట్ల ఫోటాన్లు (కాంతి కణాలు) తిరుగుతుంటాయి. కంటికి కనబడవు, మైక్రాన్ గేజి వాటిని లెక్కపెట్టదు. నక్షత్రాల మధ్య ఖాళీలోకి తీసుకెళ్లినా సృష్టి మొదటి వేడిలోంచి మిగిలినవి 411 ఉంటాయి. ఇక సూర్యుడినుంచి వచ్చే న్యూట్రినోలు (దాదాపు దేన్నైనా దాటిపోయే కణాలు) నా మూతలో ప్రతి చదరపు సెంటీమీటరునీ సెకనుకి 6,000 కోట్లకు పైగా దాటిపోతాయి. వాటిని ఆపే గాస్కెట్ ఎవరూ తయారుచెయ్యలేదు.

సరే, చల్లబరుద్దాం. అది నా వృత్తే కదా. గోడల్ని అంతకంటే చల్లబరచలేని పరమశూన్య ఉష్ణోగ్రతదాకా దింపితే ఉష్ణకాంతి కూడా పోతుంది. అప్పుడైనా హళ్లికి హళ్లి, సున్నకు సున్నేనా? దీనికి జవాబు హీలియం చెబుతుంది. మామూలు ఒత్తిడి దగ్గర హీలియాన్ని ఎంత చల్లబరిచినా గడ్డకట్టదు, ద్రవంగానే ఉంటుంది. గడ్డకట్టించాలంటే సుమారు 25 రెట్ల వాతావరణ ఒత్తిడితో నొక్కాలి. వేడంతా తీసేసినా పరమాణువుల్లో ఒక కదలిక మిగిలిపోతుంది, దాన్ని తియ్యడం ఎవరి తరమూ కాదు. క్వాంటమ్ సిద్ధాంతం దీన్ని శూన్యబిందు శక్తి అంటుంది. విద్యుదయస్కాంత క్షేత్రానికీ ఇదే నియమం. సగటున సున్నా అయినా, కదలకుండా సున్నా దగ్గర కూర్చోవడం దానికి చేతకాదు.

దీన్ని కొలిచిన కథ నాకు ఇష్టం. 1947లో లాంబ్, రెథర్‌ఫోర్డ్ హైడ్రోజన్‌లో సమానంగా ఉండాల్సిన రెండు శక్తిస్థాయిల మధ్య సుమారు 1,000 మెగాహెర్ట్జ్‌ల తేడా పట్టుకున్నారు. ఎలక్ట్రాన్‌ని ఖాళీ చోటే అటూఇటూ తడబడేలా చేస్తోంది. మరుసటి ఏడు కాసిమిర్ ఇంకో మాట చెప్పాడు: రెండు లోహపు పలకల్ని దగ్గరగా ఎదురెదురుగా పెడితే, మధ్యలో ఏమీ లేకపోయినా అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పలకల మధ్య దూరం మైక్రాన్ అయితే (ఇది పొడవు మైక్రాన్, మిల్లీమీటరులో వెయ్యో వంతు, మా గేజి మైక్రానూ పాదరసం ఎత్తులో అదే కొలత) ఆ లాగుడు గాలి ఒత్తిడిలో దాదాపు ఎనిమిది కోట్లో వంతు. దూరాన్ని వందో వంతుకి తగ్గిస్తే మాత్రం లెక్క ప్రకారం పూర్తి గాలి ఒత్తిడిని మించుతుంది. 1997లో లామొరో దీన్ని సుమారు ఐదు శాతం కచ్చితత్వంతో కొలిచాడు.

ఇక్కడ నాకో కోపం ఉంది. "శూన్యంలో కణాలు పుడుతూ చస్తూ బుడగల్లా ఉడుకుతుంటాయి" అని వీడియోల్లో బొమ్మలేసి చూపిస్తుంటారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ నిజానికి క్వాంటమ్ శూన్యం కాలంతో మారని స్థితి, అందులో ఏదీ ఉడకడంలేదు. ఆ బుడగలు లెక్కలు చేసుకునే పద్ధతికి గీసిన బొమ్మ. పైగా కాసిమిర్ లాగుడుని పలకల్లోని ఎలక్ట్రాన్ల మధ్య బలాలుగా కూడా లెక్కకట్టొచ్చు, అదే జవాబు వస్తుంది. కాబట్టి "ఇదిగో శూన్యశక్తి, పట్టుకున్నాం" అని తేలిగ్గా అనకూడదు.

అన్నట్టు, ఈ డబ్బాలోనే ఓ రంగుల కరపత్రం కూడా వచ్చింది. శూన్యబిందు శక్తితో నడిచే యంత్రమట, కరెంటు బిల్లు ఉండదట. గగన కుసుమం! శూన్యబిందు శక్తి అంటేనే అన్నిటికంటే అడుగు మెట్టు; ఆ మెట్టు మీదున్నవాణ్ణి ఇంకా కిందికి దించి పని చేయించుకోవడం ఎలా కుదురుతుంది? ఒక స్టారు కోసింది గాస్కెట్‌కి కాదు, ఈ కాగితానికే.

అమెరికాలోని లైగో ప్రయోగశాల వాళ్ల పని చదివితే మాత్రం నా వృత్తి మీద నాకే గౌరవం పెరిగింది. గురుత్వ తరంగాలు పట్టడానికి నాలుగేసి కిలోమీటర్ల గొట్టాలు వేసి, గాలి లాగడానికి 40 రోజులు పంపులు నడిపారు. నేను 40 నిమిషాలకే విసుక్కుంటాను. అంత చేసినా గాలి పోయిన ఖాళీలోని క్షేత్రపు తడబాటే వాళ్ల కొలతకి అడ్డొచ్చింది. అందుకని 2019నుంచి ఆ శూన్యాన్నే ఒక వైపు నొక్కి, ఇంకో వైపు ఉబ్బనిచ్చి వాడుతున్నారు, తమకి కావాల్సిన వైపు తడబాటు తగ్గేలా.

2012లో జెనీవా దగ్గరి కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లో హిగ్స్ కణం దొరికాక ఇంకో సంగతి ఖాయమైంది. మౌలిక కణాలకి బరువునిచ్చే హిగ్స్ క్షేత్రం ఖాళీలో కూడా సున్నా కాదు, అంతటా ఒకే విలువతో నిండి ఉంది. దాన్ని తీసేస్తే ఖాళీ కాదు, శక్తి పెరుగుతుంది. మా భాషలో చెప్పాలంటే, గ్యాస్ లాగేస్తే గేజి పైకి ఎగబాకినట్టు!

అన్నిటికంటే నన్ను తికమకపెట్టింది విశ్వ విస్తరణ. అది వేగం పుంజుకుంటోందని 1998లో తేలింది. కారణం ఖాళీ చోటుకే ఉన్న శక్తి అయితే, నా 12 లీటర్ల ఛాంబర్‌లో దాని వాటా 2 మిల్లీగ్రాముల దోమని మిల్లీమీటరులో మూడువేలో వంతు ఎత్తడానికి సరిపోతుంది. అంతే. కానీ దాని తీరు చూడండి. నేను పిస్టన్ వెనక్కి లాగితే సిలిండర్‌లో గ్యాస్ పలచబడుతుంది. ఈ శక్తి పలచబడదు. చోటు రెట్టింపైతే అదీ రెట్టింపవుతుంది, లాగినవాడి శ్రమంతా కొత్త ఖాళీలోకి చేరిపోతుంది. పోనీ సిద్ధాంతంతో లెక్కకడదామంటే, మోటు అంచనా 1 పక్కన 120 సున్నాలంత ఎక్కువొస్తుంది. నా గేజి అంత తప్పు చూపిస్తే గోడకేసి కొట్టేవాణ్ణి.

మా పనిలో "వ్యాక్యూమ్ అయిందా?" అని అడిగితే, పైపులో ఏమీ లేదా అని ఎవరూ అనుకోరు. వాల్వు కట్టేస్తాం. గేజి కాస్త పైకి పాకి ఆగిపోతే లోపల తేమ ఉంది, ఆగకుండా పాకితే లీకు. కదలకుండా నిలబడితే అయినట్టు, ఇక లాగడానికేమీ లేదు. ఫిజిక్సువాళ్లు శూన్యం అనేది కూడా ఇంచుమించు ఈ స్థితినే: ఉన్న క్షేత్రాలన్నీ ఉంటాయి, వాటినుంచి ఇంకేమీ తియ్యలేం. డిగ్రీలో ఈ ముక్క నాకు ఎక్కలేదు, ఎర్ర లైటు చూస్తూ కూర్చున్నప్పుడు ఎక్కింది.

ఇక కొనేవాళ్లకి. పంపు చప్పుడు భరించొచ్చు, కానీ మూసిన గదిలో ఆయిల్ పొగ వస్తుంది, కిటికీ తెరవండి. వాళ్లిచ్చిన ఆయిల్ మొదటి పది గంటలకే మార్చండి. హోస్ పొట్టిదైతే మంచిది. గాస్కెట్ అతుకు ముందే వేలితో తడిమి చూసుకోండి. మైక్రాన్ గేజి విడిగా కొనాల్సిందే. స్పిరిట్, పెట్రోలు లాంటివి లోపల పెట్టొద్దు.

నిన్న రాత్రి 100కి దింపి, వాల్వు కట్టేసి పడుకున్నాను. పొద్దున చూస్తే 1,400. యాక్రిలిక్ తాగిన తేమ ఊరుతోందా, గాస్కెట్ లీకా? ఇవాళ మళ్లీ కట్టి పెట్టాను. ఆగుతుందో, పాకుతుందో చూసి ఈ రివ్యూ కిందే రాస్తాను.