పెద్దమ్మ పౌరసత్వ పత్రాలకు వాడిన ఫ్లాట్‌బెడ్ స్కానర్: మూడేళ్ళ అనుభవం

కాగితాన్ని గాజు పలక మీద బోర్లించి స్కాన్ చేసే ఈ స్కానర్‌ను 2022లో, ఇంట్లో ఉన్న పాత ఫోటోలను భద్రపరచుకోవడానికి కొన్నాను. అయితే దాని అసలు పనితనం నాకు తెలిసింది 2025 ఫిబ్రవరిలో, మా పెద్దమ్మ అమెరికా పౌరసత్వం కోసం ఎన్-400 దరఖాస్తు సిద్ధం చేయడానికి కూర్చున్నప్పుడు. పెద్దమ్మ వయసు అప్పటికి 71 ఏళ్ళు. గ్రీన్‌కార్డు వచ్చింది 2009లో. వయసు 55 దాటి, శాశ్వత నివాసిగా 15 ఏళ్ళు పూర్తి చేసినవారికి ఇంగ్లీషు పరీక్ష నుంచి మినహాయింపు ఉంది, పౌరశాస్త్ర ప్రశ్నలకు దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. కాబట్టి పరీక్ష గురించి మాకు పెద్దగా బెంగ లేదు. బెంగంతా కాగితాల గురించే.

నా దగ్గరున్నది సీసీడీ సెన్సర్ (అద్దాలు, లెన్సు ద్వారా బొమ్మను పట్టే రకం) తరహా స్కానర్. బరువెక్కువ, బల్ల మీద సగం చోటు ఆక్రమిస్తుంది. పలుచగా, తేలికగా ఉండే సీఐఎస్ (సెన్సర్ గాజుకు ఆనుకునే ఉండే రకం) తరహావి దుకాణాల్లో ఎక్కువగా కనిపిస్తాయి గానీ, వాటిలో గాజుకు ఆనిన భాగమే స్పష్టంగా వచ్చి, కాస్త పైకి లేచిన చోటు మసకబారుతుంది. పాస్‌పోర్టును ఎంత నొక్కిపెట్టినా కుట్టు దగ్గర కాగితం కొంచెం లేచే ఉంటుంది. ముద్రలు వేసేవాళ్ళేమో సరిగ్గా ఆ మూలకే వేస్తారు. సీసీడీ స్కానర్‌లో ఆ మూల కూడా చదవడానికి వీలుగా వస్తుంది. ఈ ఒక్క గుణం కోసమే దాని బరువును నేను క్షమించాను.

పాస్‌పోర్టు ముద్రలకు ఇంత ప్రాధాన్యం ఎందుకో చెప్పాలి. దరఖాస్తులో గడచిన ఐదేళ్ళలో 24 గంటలకు మించి సాగిన ప్రతి విదేశీ ప్రయాణానికీ వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ రాయాలి. ఐదేళ్ళ శాశ్వత నివాసం లెక్కన దరఖాస్తు చేసేవారు అందులో కనీసం 30 నెలలు అమెరికాలో ఉండి ఉండాలి. అంతకంటే సున్నితమైన విషయం మరొకటి ఉంది: ఏ ఒక్క ప్రయాణమైనా ఆరు నెలలు దాటితే అమెరికాలో నిరంతర నివాసం తెగిపోయినట్టు భావించి, తెగలేదని నిరూపించే భారాన్ని దరఖాస్తుదారు మీదే పెడతారు. ఈ తేదీలన్నిటినీ ఒకేచోట పేర్చి ఇచ్చే కాగితం మా దగ్గర లేదు. పాస్‌పోర్టులు, టికెట్లు, జ్ఞాపకాలు కలిపి మనమే తయారు చేసుకోవాలి.

పెద్దమ్మ 2024 జనవరి 9న హైదరాబాద్ వెళ్ళారు. తిరుగు ప్రయాణపు ముద్రలో జూలై నెల, సంవత్సరం కనిపిస్తున్నాయి గానీ, తేదీలో మొదటి అంకె సగం చెరిగిపోయింది. అది 02 అయితే ప్రయాణం ఆరు నెలల లోపే. 12 అయితే ఆరు నెలలు దాటినట్టే. అంతకుముందు ఫోన్‌లోని స్కానర్ యాప్‌తో తీసిన కాపీలో ఆ అంకె ఉన్న జాడే లేదు, ఎందుకంటే కాగితాన్ని తెల్లగా చూపించాలన్న ఆత్రంలో అది పలచని సిరాను మరకగా భావించి తుడిచేసింది. ఫ్లాట్‌బెడ్ మీద దిద్దుబాట్లన్నీ ఆపి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో), రంగుల్లో స్కాన్ చేసి, ఫోటో ఎడిటర్‌లో ఎరుపు చానెల్ (చిత్రంలోని ఎరుపు కాంతి భాగం) ఒక్కటే తెరిచి చూశాను. నీలం సిరా ఎరుపు చానెల్‌లో నల్లగా కనిపిస్తుంది కాబట్టి సున్నా వంపు బయటపడింది. పెద్దమ్మ మాత్రం మొదటి నుంచీ "ఆషాఢం రాకముందే వచ్చేశాను రా, నాకు బాగా గుర్తు" అంటూనే ఉన్నారు. ఆ ఏడాది ఆషాఢం జూలై 6న మొదలైంది. ఆ తర్వాత పాత ఈమెయిల్‌లో దొరికిన టికెట్టు కూడా జూలై 2 అనే చెప్పింది. ముద్ర, టికెట్టు, పెద్దమ్మ జ్ఞాపకం మూడూ కలిశాకే ఆ తేదీని దరఖాస్తులో రాశాను.

పేర్ల విషయంలో స్కాన్‌లు ఇంకోలా పనికొచ్చాయి. పాత పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, గ్రీన్‌కార్డులో అత్తింటి ఇంటిపేరు, పెదనాన్న మరణ ధ్రువపత్రంలో ఒట్టి పొడి అక్షరం. పైగా లక్ష్మి అన్న పేరును ఒకచోట ఎక్స్‌తో, మరోచోట కే ఎస్ హెచ్‌లతో రాశారు. అన్నిటినీ తెర మీద పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్ప ఈ తేడాలు కంటికి ఆనవు. గతంలో వాడిన ఇతర పేర్ల గడిలో వీటన్నిటినీ రాశాం.

మరణ ధ్రువపత్రం పూర్తిగా తెలుగులో ఉంది. పరభాషా పత్రాలతో పాటు పూర్తి ఇంగ్లీషు అనువాదం, అది సమగ్రమని, సరైనదని, రెండు భాషలూ తనకు వచ్చునని అనువాదకులు సంతకం చేసిన ప్రకటన జత చేయాలి. మూడింటినీ వరుసగా స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా కలిపాను. ఆన్‌లైన్ ఖాతాలో ఒక్కో ఫైలు 12 ఎంబీ మించకూడదు కాబట్టి 600 డీపీఐ కాపీలను నా దగ్గర ఉంచుకుని, పంపించేవాటిని 300 డీపీఐలో విడిగా తయారు చేశాను. అక్షరాల పత్రాలకు అది చాలు.

లోపాలూ ఉన్నాయి. 600 డీపీఐలో ఒక్కో పేజీకి పట్టే సమయం విసుగు పుట్టిస్తుంది. అంచులను తనంతట తానే కత్తిరించే సదుపాయం మరణ ధ్రువపత్రం అడుగున ఉన్న అధికారి ముద్రను ఒకసారి సగానికి కోసేసింది. అప్పటి నుంచి దాన్ని ఆపేశాను. రెండో ఏడాది కంప్యూటర్‌లో కొత్త అప్‌డేట్ వచ్చాక ముందు వైపు బటన్లు పనిచేయడం మానేశాయి. తయారీ సంస్థ సహాయ విభాగానికి రెండుసార్లు రాసినా ఉపయోగపడే జవాబు రాలేదు. కంప్యూటర్ నుంచే నడుపుకుంటున్నాను. మూత కీలు ఒకటి వదులైంది గానీ, పాస్‌పోర్టు పెట్టినప్పుడు మూతను ఎలాగూ చేత్తోనే నొక్కిపట్టాలి.

ఇంటర్వ్యూకు అసలు పత్రాలన్నీ తీసుకువెళ్ళాలి. స్కాన్ కాపీ అసలుకు ప్రత్యామ్నాయం కాదు. స్కాన్ కాపీలను దాచిన ఫోల్డర్‌లో ఉన్న వరుసలోనే కాగితాలను కూడా పేర్చి ఇచ్చాం. ప్రయాణాల గురించి అడిగినప్పుడు పెద్దమ్మ తడుముకోకుండా జవాబు చెప్పారు. ప్రమాణ స్వీకారం రోజున గ్రీన్‌కార్డు తిరిగి ఇచ్చేశాం. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు కాబట్టి, ఆ తర్వాత భారతీయ పాస్‌పోర్టును సరెండర్ చేసి ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి భారత్ ఇచ్చే గుర్తింపు) దరఖాస్తు చేసే పని మొదలైంది. దానికి పాస్‌పోర్టు కాపీలు కావలసి వచ్చినప్పుడు స్కానర్ మీది దుప్పటి తీయవలసిన అవసరమే రాలేదు. అన్నీ ఫోల్డర్‌లో ఉన్నాయి, జూలై ముద్ర ఉన్న పేజీతో సహా.