నాన్నగారి 12 బోరు తుపాకీ: తొమ్మిదేళ్ల వాడకంలో చేతులు నేర్చుకున్నది

వారసత్వం కింద లైసెన్సు నా పేరుకు మారిన తరువాత, మా నాన్నగారి 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీని నేను వాడటం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. రెండు గొట్టాలు పక్కపక్కన ఉండే పాత నమూనా ఇది. రెండు ట్రిగ్గర్లు, పట్టు దగ్గర వంపు లేని తిన్నని కర్ర స్టాక్ (భుజానికి ఆనించే వెనుక భాగం), సుమారు మూడు కిలోల బరువు. షూటింగ్ రేంజ్‌లో క్లే టార్గెట్ల మీద, అంటే యంత్రం గాల్లోకి విసిరే పళ్లేల మీద, నెలకు రెండు ఆదివారాలు మాత్రమే దీన్ని పేలుస్తాను. ఇన్నేళ్లలో ఈ తుపాకీ నన్ను సుఖపెట్టినా బాధపెట్టినా అది చేతులు పడే చోటే కాబట్టి, ఈ సమీక్షను ఆ విషయానికే పరిమితం చేస్తున్నాను.

కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టిన అలవాటు మొదటి ఏడాదంతా నన్ను వెంటాడింది. ఊపిరి బిగబట్టి, గురి కుదిరాక ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కే ఆ నిదానం, 110 మిల్లీమీటర్ల పళ్లెం గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో దూరమైపోతున్నప్పుడు ఎందుకూ పనికిరాదు. పాతిక పళ్లేలకు ఏడెనిమిది పగిలితే గొప్ప. "కుడిచేతి పిడికిలి బిగిస్తే గొట్టం మధ్యలో ఆగిపోతుంది బాబూ, ఎడమచేత్తో చూపించండి" అని రేంజ్‌లో నేర్పే మా మాస్టారు వెళ్లిన ప్రతిసారీ చెప్పేవారు. ఆయన చెప్పినట్టు ఎడమచేతిని ముందుకు చాపి, చూపుడువేలిని గొట్టాల కింద పొడవునా ఆనించి పెడితే, ఆకాశంలో పక్షిని పక్కవాడికి చూపించేటప్పుడు చెయ్యి దానంతటదే ఎలా సాగుతుందో తుపాకీ కూడా అలాగే పళ్లెం వెంట సాగుతుంది. కుడిచేతికి ఉన్న పని స్టాక్‌ను చెంప దాకా తేవడం, పేల్చడం, అంతే. నిండు చెంబును తొణక్కుండా మోసేటప్పుడు ఉండే పట్టు దానికి చాలు.

అయితే ఆ మాటను నేను అతిగా పాటించి, పట్టు మరీ వదులు చేసి దెబ్బతిన్నాను. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ల చుట్టూ ఉండే కమ్మీ) వెనుక అంచు నడిమివేలి కణుపు మీద పడుతుంది. రెండు నెలల పాటు ఆ కణుపు నల్లగా కమిలి, అన్నం కలుపుకోవడానికి కూడా ఇబ్బందిపడ్డాను. చేతిని గార్డు నుంచి వేలెడు వెనక్కి జరిపి, చివరి మూడు వేళ్లతో స్టాక్‌ను నిలకడగా చుట్టుకున్నాకే ఆ బాధ తీరింది. బొటనవేలి సంగతీ అంతే. పేలకుండా ఆపే సేఫ్టీ మీటను ముందుకు నెట్టిన తరువాత బొటనవేలిని అక్కడే ఉంచితే, తుపాకీని తెరిచే పై లివర్ అంచు చర్మాన్ని కోస్తుంది కాబట్టి, వెంటనే స్టాక్ మీదుగా ఎడమ పక్కకు దాటించాలి. చూపుడువేలు మాత్రం తుపాకీ చెంపకు ఆనేవరకూ గార్డు బయటే ఉండాలి.

తిన్నని స్టాక్‌ను పాతకాలపు అలంకారం అనుకునేవాడిని. దాని ప్రయోజనం రెండో ట్రిగ్గర్ దగ్గర తెలిసింది. ముందు ట్రిగ్గర్‌తో కుడి గొట్టం పేల్చాక, చెయ్యి అంగుళంలో సగం వెనక్కి జారితే వేలు నేరుగా వెనుక ట్రిగ్గర్ మీద పడుతుంది. పిస్టల్ గ్రిప్ ఉన్న తుపాకీలో వంపు చేతిని కట్టిపడేస్తుంది కాబట్టి ఇలా జారడం కుదరదు. రేంజ్‌లో మిత్రుడి ఓవర్ అండర్ తుపాకీని (గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉండేది) అడిగి వాడినప్పుడు, ఒకే ట్రిగ్గర్ ఉండటం వల్ల ఆ జారుడు అవసరమే రాలేదు. ఒప్పుకోవలసిన మాటేమిటంటే, ఆ రోజు నా లెక్క నాలుగు పళ్లేలు పెరిగింది.

తన్ను విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. 24 గ్రాముల రవ్వలుండే తూటాలు వాడుతూ, స్టాక్ మడమను (వెనుక చివరను) భుజం గుంటలో ఆనించి, బరువును ముందు కాలి మీద ఉంచితే సాయంత్రానికి నొప్పి మిగలదు. నాన్నగారు మడమకు వేయించిన రబ్బరు ప్యాడ్ మాత్రం బంకగా మారి చొక్కాకు అంటుకుంటుంటే తీసేశాను. దాంతో స్టాక్ పొడవు తగ్గి, బొటనవేలి మొదలుకూ నా ముక్కుకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ సరిగ్గా కుదిరింది.

విశాఖ గాలి గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి సముద్రపు గాలి తగలని గంట ఉండదు. ఒక మే నెలలో రేంజ్ నుంచి అలసిపోయి వచ్చి, నూనె గుడ్డతో తుడవకుండానే బీరువాలో పెట్టేశాను. మూడో రోజు తెరిచి చూస్తే గొట్టాల మీద నా ఎడమచేతి నాలుగు వేళ్లూ ఎర్రటి తుప్పుతో అచ్చుపడి ఉన్నాయి. ఏడుపు వచ్చినంత పనైంది కానీ, ఆ అచ్చులను పరీక్షగా చూస్తే, ముందుకు చాపుతున్నానని నేను నమ్ముతున్న చెయ్యి నిజానికి రెండంగుళాలు వెనకే ఉంటోందని బయటపడింది. మాస్టారు అన్నేళ్లు చెప్పినా తలకెక్కనిది ఆ తుప్పు చెప్పింది. చేతిని ఆ రెండంగుళాలు ముందుకు జరిపాక పాతికకు పదహారు, పదిహేడు పడుతున్నాయి.

చెయ్యి ముందుకు వెళ్లేసరికి కొత్త చిక్కు వచ్చిపడింది. అక్కడ కర్ర ఉండదు. పదిహేను తూటాలు పేలేసరికి ఉక్కు అరచేతిని కాలుస్తుంది. తోలు గ్లౌజు మన ఉక్కపోతకు లోపల తడిసి జారుతుంది. చివరకు పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన చేత గొట్టాలకు తొడిగే తోలు తొడుగు కుట్టించాను. రెండేళ్లుగా అదే వాడుతున్నాను; వానాకాలంలో బూజు పడుతుంది, ఎండలో పెడితే పోతుంది.

కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం ఈ రకం తుపాకీని నేను సిఫారసు చేయను. ఒకే ట్రిగ్గర్, పిస్టల్ గ్రిప్ ఉన్న దానితో మొదలుపెట్టడం మేలు. ఇప్పటికే ఇంట్లో ఇలాంటిది ఉన్నవారు, లైసెన్సు సవ్యంగా చూసుకుని, గొట్టాలు ఖాళీగా ఉన్నాయని రెండుసార్లు సరిచూసుకుని, రోజుకు పది నిమిషాలు అద్దం ముందు దాన్ని చెంపకు ఎత్తి దించుతూ ఉండండి. ఎన్నికల నియమావళి కారణంగా 2024లో తుపాకీ పోలీస్ స్టేషన్‌లో ఉండిపోయిన ఆ కొద్ది నెలలూ నేను చేతికర్రతోనే ఆ సాధన చేశాను. తిరిగి వచ్చిన మొదటి ఆదివారం పద్నాలుగు పడ్డాయి.