పెట్ సీటీ స్కాన్ కేంద్రం: పాజిట్రాన్లతో పాత పరిచయం ఉన్నవాడి సమీక్ష

మా ఆవిడకు చికిత్సకు ముందు ఒకసారి, నాలుగు నెలల తరువాత మరోసారి హైదరాబాదులోని ఒకే కేంద్రంలో పెట్ సీటీ స్కాన్ (ఒంట్లో కణితి ఎక్కడుందో చూపే స్కాన్) చేయించాము. ఆ కేంద్రం పేరు రాయడం లేదు. నేను ఎత్తిచూపబోయే లోపం ఆ ఒక్క చోటే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. పాతికేళ్ళ కిందట పరిశోధక విద్యార్థిగా సోడియం-22 అనే రేడియోధార్మిక సోర్సు ముందు కూర్చుని, వేర్వేరు ద్రవాలలో పాజిట్రాన్ (ధనావేశం ఉన్న, ఎలక్ట్రాన్ ప్రతికణం) ఎంతసేపు బతుకుతుందో కొలిచినవాణ్ణి. కాబట్టి స్కాన్‌లో ఏది సిబ్బంది చేతిలో ఉంది, ఏది ఎవరి చేతిలోనూ లేదు అన్న లెక్కతోనే రాస్తున్నాను.

ముందస్తు ఏర్పాట్లకు వంక పెట్టలేను. ఆరు గంటలు ఏమీ తినకూడదని, మంచినీళ్ళు మాత్రం బాగా తాగవచ్చునని, ముందురోజు వ్యాయామం వద్దని ఫోనులోనే విడమరచి చెప్పారు. వెళ్ళగానే వేలి కొసన గుచ్చి షుగర్ చూశారు. రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజు వంటి మందును టంగ్‌స్టన్ తొడుగు వేసిన సిరంజిలో తెచ్చి, అప్పటికే చేతికి పెట్టి ఉంచిన క్యాన్యులా అనే సన్న గొట్టంలోకి నిమిషంలోపే ఎక్కించి, సెలైన్‌తో కడిగి, సిస్టర్ వెంటనే పక్కకు తప్పుకుంది. పోతూపోతూ "అమ్మా, గంటసేపు మాట్లాడకండి" అని మాత్రం చెప్పింది. మాట్లాడితే గొంతు కండరాలు ఆ మందును లాగేసుకుని చిత్రంలో వెలుగుతాయి. దాన్ని చూసి జబ్బని పొరబడే ప్రమాదం ఉంది. ఈ కారణం కూడా చెప్పి ఉంటే, "ఎందుకటండీ?" అని మా ఆవిడ నన్ను అడగవలసిన పని, అంటే మాట్లాడవలసిన పని, ఉండేది కాదు.

ఆ గంటలో ఒంట్లో జరిగేది ఇది. ఫ్లోరిన్-18 కేంద్రకం నుంచి వెలువడిన పాజిట్రాన్, నీటితో నిండిన కణజాలంలో సగటున 0.6 మిల్లీమీటర్లు వెళ్ళేసరికే శక్తినంతా పోగొట్టుకుంటుంది; ఆపైన ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి రెండూ మాయమై, ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల రెండు గామా ఫోటాన్లు ఎదురెదురు దిశలలో బయలుదేరుతాయి. యంత్రంలోని డిటెక్టర్ల వలయం ఆ జంటను పట్టుకుని, వాటిని కలిపే గీత మీద ఎక్కడో విలయం జరిగిందని నమోదు చేస్తుంది.

నెమ్మదించిన పాజిట్రాన్ ఎంతసేపు నిలుస్తుందన్నది మాత్రం చుట్టూ ఉన్న పదార్థాన్ని బట్టి ఉంటుంది. అల్యూమినియం వంటి లోహంలో ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి కనుక 165 పికోసెకన్ల (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు) ప్రాంతంలోనే అంతా ముగుస్తుంది. అదే లోహంలో ఒక పరమాణువు ఊడిపోయిన ఖాళీలో చిక్కుకుంటే, అక్కడ ఎలక్ట్రాన్లు పలచన కాబట్టి, దాదాపు 240 పికోసెకన్లు బతుకుతుంది. వాతావరణ పీడనంలోని నైట్రోజన్ వాయువులో అణువుల మధ్య ఎడం ఎక్కువ. అక్కడ వంద నానోసెకన్లకు (నానోసెకను అంటే వెయ్యి పికోసెకన్లు) పైగా తిరుగుతుంది. ద్రవాలది వేరే దారి. నీటిలో కొన్ని పాజిట్రాన్లు ముందు ఒక ఎలక్ట్రాన్‌ను జతచేసుకుని, పాజిట్రోనియం అనే అల్పాయుష్షు పరమాణువుగా మారతాయి. మార్టిన్ డాయిష్ 1951లో దీన్ని మొదట వాయువులలో గుర్తించాడు. రెండు కణాల స్పిన్‌లూ (సొంత భ్రమణం వంటి లక్షణం) ఒకే వైపు ఉన్న ఆర్థో రకం శూన్యంలో సగటున 142 నానోసెకన్లు బతికి మూడు ఫోటాన్లుగా పోతుంది. నీటిలోనైతే పక్క అణువులోని ఎలక్ట్రాన్ దాని పాజిట్రాన్‌ను తన్నుకుపోతుంది కనుక 1.8 నానోసెకన్లకే, అదీ ఎక్కువగా రెండు ఫోటాన్లతోనే, ముగుస్తుంది. ఆ కాస్త వ్యవధిలోనూ పాజిట్రోనియం చుట్టూ ఉన్న అణువులను నెట్టి చిన్న బుడగ చేసుకుంటుంది. నేను మూడేళ్ళు లెక్కగట్టింది ఆ బుడగల కొలతలే.

"ఇదేనా మీరప్పుడు కొలిచింది?" అని స్కాన్ అయ్యాక మా ఆవిడ అడిగింది. అదే, కాని ఈ యంత్రం దాన్ని కొలవదు. సోడియం-22 పాజిట్రాన్‌తో పాటే 1275 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాను కూడా వదులుతుంది. అది పాజిట్రాన్ పుట్టిన కబురు, 511 గామా అది పోయిన కబురు; ఆయుష్షు కొలవాలంటే రెండూ కావాలి. ఫ్లోరిన్-18 పంపేది పోయిన కబురు ఒక్కటే.

మొదటి స్కాన్‌లో ఊపిరితిత్తిలోని చిన్న మచ్చ కాస్త అలుక్కుపోయినట్టు వచ్చింది. దీనికి కేంద్రాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. గాలితో నిండిన ఊపిరితిత్తి సాంద్రత నీటికంటే చాలా తక్కువ కాబట్టి, పాజిట్రాన్ అక్కడ మూడు నాలుగు రెట్లు ఎక్కువ దూరం పోయిగాని ఆగదు. ఊపిరి ఆడినప్పుడల్లా మచ్చ కదలడం అంతకంటే పెద్ద కారణం. పైగా విలయమయ్యే ఎలక్ట్రాన్ నిశ్చలంగా ఉండదు గనుక రెండు ఫోటాన్లూ సరిగ్గా ఎదురెదురుగా పోక అర డిగ్రీ మేరకు పక్కకు జరుగుతాయి. 80 సెంటీమీటర్ల వలయంలో ఆ ఒక్క కారణంగానే దాదాపు 2 మిల్లీమీటర్ల మసక వస్తుంది.

నా ఫిర్యాదంతా గడియారం దగ్గరే. రెండోసారి మేము వెళ్ళిన రోజు యంత్రం ఖాళీ లేక, మందు ఎక్కించిన 95 నిమిషాలకు గాని స్కాన్ మొదలుకాలేదు. మొదటిసారి అది 62 నిమిషాలు. ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు, ఆ తరుగుదలను కంప్యూటరు లెక్కగట్టి సరిదిద్దుతుంది. కాని కణితి మందును పీల్చుకోవడం గంటతో ఆగదు. చాలా కణితుల్లో ఆ తరువాతా సాగుతూనే ఉంటుంది. అందుచేత రెండు రిపోర్టులలోని ఎస్‌యూవీ అంకెలను (కణితి ఎంత మందు పీల్చుకుందో చెప్పే కొలత) పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు, చికిత్స బాగా పనిచేసినా చేయనట్టు కనిపించే అవకాశం ఉంది. మాకిచ్చిన రిపోర్టులో పోలిక ఉంది, సమయాలు మాత్రం ఎక్కడా లేవు. కౌంటరులో అడిగితే "అవన్నీ మామూలే సార్" అన్నారు. చివరికి లోపలి టెక్నీషియన్ రిజిస్టరు తీసి, ఆ రెండు సమయాలను ఫిల్మ్ కవరు మీద పెన్నుతో రాసిచ్చాడు. చికిత్స చేస్తున్న డాక్టరుగారు రిపోర్టు కంటే ముందు ఆ కవరు చదివారు.

చిత్రాల నాణ్యతకు, సిస్టర్ల పనితనానికి అయిదుకు నాలుగున్నర, రిపోర్టుకు రెండు. మూడో స్కాన్‌కు కూడా అక్కడికే వెళుతున్నాము, ఉదయం మొదటి వంతు అడిగి తీసుకున్నాను, మందు ఎక్కించిన సమయమూ స్కాన్ మొదలైన సమయమూ రిపోర్టులో వేయాలని బుకింగ్ కాగితం మీదే రాయించాను.