ఏసీ రిపేరుకు ఎవరు మేలు: యాప్ వాళ్లా, వీధి చివరి మెకానిక్కా?

ఎండలు మొదలైతే చాలు, మా అపార్ట్‌మెంట్‌లో ఒకటే ప్రశ్న: "మీ ఏసీకి ఎవర్ని పిలిపించారు?" లిఫ్టులో చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, రాసి పెట్టేస్తున్నా.

వారంటీ ఉంటే కంపెనీకే ఫోన్ చేయండి. బయటివాళ్లు చెయ్యి పెట్టారంటే తర్వాత కంపెనీవాళ్లు పేచీ పెడతారు. సీజన్లో రెండు మూడు రోజులు ఉక్కపోత భరించాలి, అంతే.

వారంటీ అయిపోయాకే తకరారు. యాప్‌లో రేటు ముందే కనబడుతుంది, వచ్చే మనిషి పేరూ ఫొటో వస్తాయి. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు. ఉత్త వాటర్ సర్వీసుకైతే నేనూ యాప్‌లోనే బుక్ చేస్తా. వీధి మెకానిక్ దగ్గర అంతా నోటి లెక్కే, బిల్లు అడిగితే నవ్వుతాడు.

కానీ నేను పట్టి చూసేది ఒక్కటే: "గ్యాస్ తగ్గింది సార్" అన్నాక ఏం చేస్తాడని. బండిలో పెట్రోలులా ఖర్చయ్యే సరుకు కాదది, అవే పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పోయినేడు యాప్‌లో వచ్చిన కుర్రాడు ప్రెషర్ చూసే గేజ్ తగిలించి, గ్యాస్ కొట్టి, ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయాడు. మూడు వారాలకు మళ్లీ వేడి గాలి. ఈసారి ఇంకో మనిషి, మళ్లీ గ్యాసే.

విసుగొచ్చి మా వీధి అన్నను పిలిచా. ఔట్‌డోర్ యూనిట్ దగ్గర ఫ్లేర్ నట్టు (రాగి పైపును యూనిట్‌కి బిగించేది) మీద జిడ్డు చూపించి, "వేలు పెట్టి చూడండి సార్" అన్నాడు. గ్యాస్‌తో పాటే కంప్రెసర్ ఆయిలూ చెమరుస్తుందట. సబ్బు నురగ రాస్తే బుడగలు. పైపు మూతి కోసి కొత్తగా ఫ్లేర్ చేశాడు, అంటే గరాటులా విప్పాడు; లీకు ఇంకా ఉందేమోనని పైపుల్లో నైట్రోజన్ ఎక్కించి అరగంట కూర్చున్నాడు, గేజ్ ముల్లు కదల్లేదని నన్ను పిలిచి మరీ చూపించాడు. తర్వాత వాక్యూమ్ పట్టి, అంటే పైపుల్లో గాలంతా లాగేసి, స్టిక్కర్ మీద రాసున్న బరువు ప్రకారం కాటా పెట్టి ఆర్32 గ్యాస్ నింపాడు. యాప్ కంటే ఐదొందలు ఎక్కువే అయింది. ఈ ఏడాది ఇంకా ముట్టుకోలేదు.

పైగా రేపొద్దున చాయ్ బండి దగ్గర నా మొహం చూడాలిగా ఆయన! యాప్ కుర్రాడికి ఆ బాధ లేదు, ఆ పూటకే ఇంకో నాలుగిళ్లు తిరగాలి పాపం. అలాగని వీధి మెకానిక్కులంతా ఇంతే అనను. కెపాసిటర్ (మోటారు తిరగడానికి సాయపడే చిన్న డబ్బా) మార్చానంటూ పాతది జేబులో వేసుకుపోయేవాళ్లూ ఉన్నారు. పాతది ఇక్కడ పెట్టి వెళ్లమనండి.

ఏడాది సర్వీసు కాంట్రాక్టు సంగతీ అడుగుతున్నారు. ఒక్క ఏసీ ఇంటికి దండగ.

ఎవర్ని పిలిచినా ఫోన్లోనే అడగండి, లీక్ టెస్టుకు నైట్రోజన్ తెస్తారా అని. "టాప్ అప్ చేస్తే చాలు సార్" అంటే ఫోన్ పెట్టేయండి. మా అన్న నంబరు మాత్రం అడక్కండి, మే నెలలో నాకే దొరకడు.