గడప తియ్యకుండానే ఇల్లు మారింది: ఆక్యుపేషనల్ థెరపిస్ట్ సాయంతో మూడేళ్ళు

అమ్మకి ఇప్పుడు 79. గుంటూరు బ్రాడీపేటలో నాన్న కట్టించిన ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేను విజయవాడలో ఉంటాను, ఆదివారాలూ మధ్యలో ఇంకో రోజూ వెళ్ళి వస్తాను. 2022 కార్తీకంలో తెల్లవారుజామునే తలస్నానం చేసి, దీపం పెట్టడానికి తడికాళ్ళతో వస్తూ బాత్రూం గుమ్మంలో పడింది. కుడి తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి కీలులో బంతి మార్చారు. తర్వాత ఇంట్లో ఏమేం మార్చాం, మూడేళ్ళ వాడకంలో ఏవి నిలిచాయి, ఏవి అటకెక్కాయి అనేది రాస్తున్నాను. పెద్దవాళ్ళున్న ఇంట్లో డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియక నేను పడ్డ అవస్థ ఇంకొకరు పడకూడదని.

డిశ్చార్జి కాగితంలో మందులు, కుట్లు విప్పే తేదీ ఉన్నాయి. మఠం వేసుకోవద్దు, గొంతుక్కూర్చోవద్దు, కాలు మీద కాలు వెయ్యొద్దు, నడుము బాగా వంచొద్దు అని నోటితో చెప్పారు. మా అమ్మ కత్తిపీట ముందేసుకుని నేలమీద కూర్చుని కూర తరిగే మనిషి. ఇంట్లో ఉన్నది ఇండియన్ టాయిలెట్. వీటితో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఇల్లు తాళం వేసి తీసుకొచ్చేద్దాం అన్నాడు అన్నయ్య. నేనూ సరే అన్నాను. అమ్మ ఏమీ అనలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్ట్ అబ్బాయే దారి చూపించాడు. "కాలికి బలం నేను తెప్పిస్తానండీ. ఈ ఇంట్లో మళ్ళీ ఎలా మసలాలో చెప్పాలంటే మాత్రం ఓటీని పిలవండి" అన్నాడు. ఓటీ అంటే మాకు తెలిసింది ఆపరేషన్ థియేటరే. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అనే చదువు వేరే ఉందని అప్పుడే తెలిసింది. బీఓటీ, ఎంఓటీ డిగ్రీలు చేసినవాళ్ళు. 2021లో కేంద్రం తెచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలోనూ వీళ్ళున్నారు. గుంటూరులో మాకు వెంటనే దొరకలేదు, విజయవాడ నుంచి ఒకమ్మాయి వచ్చింది.

మొదటిరోజు ఆ అమ్మాయి ఏ సామానూ కొనమనలేదు. "మామ్మగారూ, నాకు కాస్త టీ పెట్టిస్తారా?" అంది. ఆపరేషనై అప్పటికి ఆరు వారాలు. నాకు గుండె ఆగినంత పనైంది. అమ్మ మొహం మాత్రం ఎన్నాళ్ళకో వెలిగింది. వాకర్‌తో వంటింట్లోకి నడిచింది. ఆ అమ్మాయి అమ్మ నడుముకి జానెడు దూరంలో చెయ్యి పెట్టుకుని వెనకాలే వెళ్ళింది. అమ్మ చెయ్యి ఆసరా కోసం ఎక్కడెక్కడికి పోతోందో చూసి నోటుబుక్కులో రాసుకుంది. ఫ్రిజ్ తలుపు, తువ్వాలు కమ్మీ, బాత్రూంలో కుళాయి. ఈ మూడూ బరువు వేస్తే ఊడొచ్చేవే. "పట్టుకోడానికి బార్ ఎక్కడ పెట్టాలో మామ్మగారి చెయ్యే చెప్పేసిందండీ" అంది. టీ డబ్బా, పంచదార పై అరలో ఉంటే నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులోకి దింపించింది. అమ్మ రోజూ వాడే సామానంతా మూడేళ్ళుగా ఆ ఎత్తులోనే ఉంది. దీనికి పైసా ఖర్చు కాలేదు.

తర్వాత టేపు తీసింది. అమ్మ మోకాలి వెనక మడత నుంచి నేలకి 16 అంగుళాలు. మంచం ఎత్తు 14. కూర్చునే చోటు మోకాలికంటే కాస్త ఎత్తుగా ఉంటే లేవడం తేలికట. మంచం కోళ్ళ కింద గుంట చెక్కిన చెక్క దిమ్మెలు పెట్టించి 18 చేసింది. మా వడ్రంగి ఒక్కపూటలో చేసిచ్చాడు. ఈ మొత్తం మార్పుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగం కనిపించింది ఆ నాలుగు దిమ్మెల్లోనే. అంతకుముందు రాత్రుళ్ళు లేపడానికి మనిషి కావాల్సొచ్చేది. దిమ్మెలు పెట్టిన వారానికే అమ్మ తనంతట తను లేచింది.

బాత్రూంకే ఎక్కువ ఖర్చయింది. ఇండియన్ టాయిలెట్ తవ్వి కమోడ్ పెట్టించాం, దానిపైన నాలుగంగుళాల ఎత్తు పెంచే సీటు బిగించాం. గోడకి ఎల్ ఆకారంలో స్టీలు బార్, గుమ్మం పక్కన నిలువు బార్. ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఆ అమ్మాయి రాకముందే నేను తొందరపడి గోడకి అతుక్కునే రబ్బరు కప్పుల బార్ ఒకటి కొన్నాను. తను చూసీ చూడగానే పీకి నా చేతిలో పెట్టింది. అవి టైల్స్ మీద కాసేపు పట్టు ఇస్తాయి, మనిషి బరువు పడ్డ క్షణంలో వదిలేస్తాయి. స్టీలు బార్ని మా ప్లంబర్ ప్లాస్టిక్ గట్టీలు కొట్టి బిగించాడు. తను వచ్చి రెండు చేతులతో పట్టుకుని బరువంతా వేసి లాగింది. ఒక చివర ఊడొచ్చింది. అప్పుడు టైల్ దాటి ఇటుకలోకి దిగేలా యాంకర్ బోల్టులు వేయించింది. మూడేళ్ళయింది, వెంట్రుకవాసి కదల్లేదు. మీ ఇంట్లో బార్ పెట్టిస్తే పెద్దవాళ్ళు పట్టుకునేలోపే మీరు వేలాడి చూడండి.

తెల్ల టైల్స్ మీద స్టీలు బార్ అమ్మ కంటికి ఆనేది కాదు. దానికి ఎర్ర టేపు చుట్టించింది. చూపు మందగించినప్పుడు రంగు తేడాయే దారి చూపిస్తుందని చెప్పింది.

ఇక గడప. పాత ఇల్లు కదా, వీధిగుమ్మానికి అయిదంగుళాల గడప. వాకర్‌తో దాటడం కష్టం. కొట్టించేద్దాం అన్నాను నేను. "ఆ గడప మీద పసుపు రాయకుండా ఒక్క శుక్రవారం గడపలేదే నేను. అది తీసేశాక ఈ ఇంట్లో నేనెందుకు?" అంది అమ్మ. ఆ అమ్మాయి అమ్మవైపే మాట్లాడింది. ర్యాంప్ సంగతి కూడా లెక్క చెప్పింది. ఒక అంగుళం ఎత్తుకి పన్నెండంగుళాల పొడవు ఉండాలి. అంటే ఈ గడపకి అయిదడుగులు. మా అరుగు అంత లేదు, నిటారుగా కడితే ఇంకా ప్రమాదం. అందుకని గడపకి రెండువైపులా రెండున్నర అంగుళాల ఎత్తులో, వాకర్ నాలుగు కాళ్ళూ నిలిచేంత వెడల్పు మెట్టు కట్టించింది. తలుపు పక్కన నిలువు బార్. "పసుపూ కుంకుమా మాత్రం మానకండి మామ్మగారూ, నల్లటి నాపరాయి పక్కన ఆ పసుపే మీకు గడప ఎక్కడుందో చూపిస్తుంది" అంది. అమ్మకి ఆ అమ్మాయి మీద గురి కుదిరింది అప్పుడే అనుకుంటాను. శుక్రవారాలు ఎత్తైన స్టూలు మీద కూర్చుని, పొడుగు కర్రకి కట్టిన బ్రష్‌తో పసుపు రాస్తుంది. ముగ్గు మాత్రం వదులుకుంది. పనమ్మాయి వేస్తుంటే కుర్చీలో కూర్చుని చుక్కలు లెక్క చెబుతుంది. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

పనికిరానివీ ఉన్నాయి. చేత్తో పట్టుకునే షవర్ పెట్టించాం. చెంబుతో నెత్తిన పోసుకుంటేనే స్నానమని అమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఆ అమ్మాయి పట్టుబట్టలేదు. బక్కెట్టుని స్టూలు మీదికి ఎక్కించింది, కాళ్ళకి రబ్బరు బుష్‌లున్న కుర్చీ వేయించింది. ఇప్పుడు వంగకుండా, కూర్చుని చెంబుతోనే పోసుకుంటుంది. మెళ్ళో వేసుకునే పిలుపు గంట నెలరోజులకే మేకుకి చేరింది. ప్లగ్గులో పెట్టే రాత్రి లైట్లు కరెంటు పోగానే ఆరిపోయేవి. మనిషి కదిలితే వెలిగే చార్జింగ్ లైట్లు పెట్టాక మంచం నుంచి బాత్రూం దాకా సమస్య తీరింది. బాత్రూం మ్యాట్ వారానికోసారి ఎత్తి ఎండలో వెయ్యకపోతే అడుగున పాచి పట్టి అదే జారుతుంది. పెరట్లో మెట్ల దగ్గర స్టీలు రెయిలింగ్ మేనెల ఎండకి కాలిపోయేది, దానికి నూలు తాడు చుట్టించాం. వాకర్ బుష్‌లు నాపరాళ్ళ మీద అయిదారు నెలలకే అరిగిపోతాయి. ఇంట్లో ఎప్పుడూ ఒక జత ఉంచుతాను.

ఇంకోసారి పడింది, తప్పు నాదే. 2024 సంక్రాంతికి హాల్లో నేలమీద పరవడానికి కొత్త పట్టా కొన్నాను. ఇంట్లో ఉన్న పట్టాలన్నీ ఆ అమ్మాయి మొదటి వారమే తీయించిందని తెలిసీ కొన్నాను. అంచు వాకర్ కాలికి తగులుకుంది. అదృష్టం, ఎముక విరగలేదు. పడితే కంగారుపడి లేవొద్దని, ఎక్కడైనా నొప్పుందేమో ముందు చూసుకోవాలని, పక్కకి తిరిగి మోకాళ్ళ మీదికి వచ్చి గట్టి కుర్చీ పట్టుకుని లేవాలని ఆ అమ్మాయి అంతకుముందే మంచం పక్కన నాలుగైదుసార్లు సాధన చేయించింది. నేను ఫోనెత్తేసరికి అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. పట్టా అదేరోజు బయటికి పోయింది.

ఆ తర్వాత ఈ విషయం మీద కొంత చదివాను. 2023లో, వైద్య పరిశోధనల ఫలితాలని పరిశీలించే కొక్రేన్ అనే సంస్థ ఈ విషయం మీద పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఇంట్లో ప్రమాదకరమైనవి సరిచేయడం వల్ల పెద్దవాళ్ళు పడిపోవడం 26 శాతం తగ్గిందట. ఒకసారి పడినవాళ్ళలాంటి ఎక్కువ ముప్పు ఉన్నవాళ్ళలో 38 శాతం. కాబట్టి పడినవాళ్ళ ఇంటికే ముందు ఓటీని పిలవాలి.

కమోడ్ పనులు పక్కనపెడితే మిగతావన్నీ కలిపి మాకు పాతికవేల లోపే అయింది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి కనుక్కోండి. 2017 నుంచి నడుస్తోంది, ఆదాయం తక్కువున్న 60 దాటినవాళ్ళకి వాకర్లు, చేతికర్రలు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. ఎవరిని అడగాలో తెలియకపోతే పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567.

ఆ అమ్మాయి ఆర్నెల్లకోసారి వస్తుంది. మనిషి మారుతుంటే ఇల్లూ మారుతూ ఉండాలంటుంది. వచ్చే నెల అమ్మ ఎడమకంటికి శుక్లం ఆపరేషన్. కళ్ళజోడు మారేలోపు పొయ్యిగట్టు మీద పడే లైటు ఒకటి అదనంగా వేయించమని, వాకర్‌కి ముందు సంచి కట్టమని ఫోన్లో చెప్పింది. వస్తే టీ తనే పెడతానని అమ్మ ముందే చెప్పేసింది.