పెరంబూరు మిద్దె మీద ఐదు వేసవులు: నా 10×50 బైనాక్యులర్

2021 జూన్‌లో ఏడున్నర వేలు పెట్టి కొన్నాను. "ఆ డబ్బుకి కూలర్ వచ్చేది కదరా" అంది అమ్మ. కత్తిరి ఎండల్లో చెన్నైలో ఉన్నవాళ్ళెవరూ ఆవిడ మాట తప్పనరు. మరుసటేడు కూలర్ కూడా కొన్నాం. ఈ ఉక్కలో కూలర్ వల్ల ఒరిగేదేమీ లేదని అప్పుడు తెలిసింది, పాత సామాన్లతో పాటు అది వెళ్ళిపోయింది. బైనాక్యులర్ ఇంకా ఉంది. నిక్షేపంగా ఉందని మాత్రం అనలేను.

10 అంటే పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, 50 అంటే ముందు అద్దం అడ్డుకొలత 50 మిల్లీమీటర్లు. చూసినవాళ్ళంతా మొదట అడిగేది శని వలయాలు కనిపిస్తాయా అని. కనిపించవు, పది రెట్లు చాలవు. గురుడి నాలుగు చందమామలు కనిపిస్తాయి, అదీ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ఊపిరి బిగబడితేనే. దీని బరువు కిలోకి కాస్త తక్కువ. ఉత్త చేతుల్తో ఎత్తి పట్టుకుంటే రెండు నిమిషాల్లో భుజాలు లాగుతాయి, చుక్కలన్నీ దోమల్లా ఆడతాయి. స్టాండుకి తగిలించే ప్లాస్టిక్ ముక్క మొదటి ఏడాదే విరిగింది. ఇప్పుడు నవారు మంచం వేసుకుని వెల్లకిలా పడుకుని చూస్తున్నాను. ఈ ఐదేళ్ళలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే.

మే నెలలో దక్షిణాన త్రిశంకు (సదరన్ క్రాస్ అనే నాలుగు చుక్కల గుంపు) వస్తుంది. మా ఊరికి అది ఇరవై డిగ్రీలు దాటి పైకి లేవదు, అటువైపంతా దీపాల వెలుగే. అందుకని రాత్రిపూట కరెంటు పోయి వీధి వీధంతా తిట్టుకుంటుంటే నేను మెట్లెక్కుతాను. ఒకసారి అలాగే ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు దొరికింది. వేలితో అద్దిన విభూతి మచ్చలా ఉంది. ఆ మచ్చలో లక్షల నక్షత్రాలు. కరెంటు వచ్చింది, మచ్చ పోయింది.

ఇక అసలు బాధ. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి నీళ్ళు గుమ్మం దాకా వచ్చిన హడావిడిలో దీన్ని బ్యాగ్‌తో సహా బీరువాలో పడేసి మరిచిపోయాను. సంక్రాంతికి తీస్తే కుడివైపు అద్దం లోపల సాలెగూడు లాంటి తెల్లటి దారాలు. బూజు. సర్వీస్ సెంటర్ వాళ్ళు పదకొండు రోజులు ఉంచుకుని, బూజు వారంటీలోకి రాదని చెప్పి పంపారు. మౌంట్ రోడ్డు వైపు ఒక కెమెరా రిపేరు కొట్లో తొమ్మిది వందలకి శుభ్రం చేశారు. అద్దం మెరిసింది. ఆ రాత్రి సప్తర్షుల వైపు తిప్పితే వసిష్ఠుడు, అరుంధతి ఇద్దరూ నలుగురయ్యారు! విప్పి బిగించడంలో లోపలి పట్టకాలు కదిలాయి, రెండు గొట్టాలూ రెండు దిక్కులు చూస్తున్నాయి. మళ్ళీ ఆ కొట్టుకే తీసుకెళ్ళాను. రబ్బరు తొడుగు పైకెత్తితే కింద సన్నటి మరలు ఉన్నాయి. దూరంగా ఉన్న సెల్ టవర్‌ని చూస్తూ ఆ మరలు తిప్పుతూ, రెండు టవర్లనీ ఒక్కటి చేసేసరికి అరగంట పట్టింది. డబ్బులు అడగలేదు పాపం.

అప్పటి నుంచి మూత గట్టిగా పట్టే డబ్బాలో, తడి పీల్చే సిలికా జెల్ గుళికలతో పాటు పెడుతున్నాను. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చగా మారాయంటే తడి పట్టినట్టు. వాటి కోసం ఒక పాత మూకుడు కేటాయించాం, సన్నటి సెగ మీద వేడి చేస్తే మళ్ళీ రంగు తిరుగుతాయి. సముద్రం ఉన్న ఊళ్ళో కొనేవాళ్ళు ఈ చాకిరీకి ఒప్పుకునే కొనాలి. కంటి దగ్గరి రబ్బరు కూడా మూడో వేసవికి జిగురెక్కింది. పౌడర్ అద్దుకుంటున్నాను, చూసి దిగొచ్చేసరికి కళ్ళ చుట్టూ తెల్లటి సున్నాలు.

ఫోన్‌లో చుక్కల పేర్లు చెప్పే ఆప్‌లు నాలుగు మార్చి స్టెల్లేరియం దగ్గర ఆగాను. అదైనా మా వాటర్ ట్యాంకు ఇనప స్టాండు పక్కన నిలబడితే దిక్కులు తప్పు చూపిస్తుంది. తప్పు దానిది కాదు, ఫోన్‌లో కంపాస్‌ది. 2025 జూన్ 17న దాని అవసరమే రాలేదు. "కుజుడు మఖ దగ్గరున్నాడు చూడు" అని అమ్మ పంచాంగం చేత్తో పట్టుకునే పైకొచ్చింది. పడమట రెండూ ఒకే వృత్తంలో పట్టాయి, కుజుడు ఇటుక రంగు, మఖ నీలం కలిసిన తెలుపు. ఉత్త కంటికి ఈ రంగుల తేడా ఇంత బాగా తెలియదు.

మొదట్లో ఇంటి ఓనర్‌కి నా మీద అనుమానం. చీకట్లో బైనాక్యులర్‌తో ఎవరింట్లోకి చూస్తున్నాడని. ఆ అనుమానం శ్రీహరికోట తీర్చింది. ఇక్కడికి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్లు. 2024 డిసెంబరు 30 రాత్రి పది గంటలకి స్పేడెక్స్ ఉపగ్రహాలతో ఇస్రో రాకెట్ పీఎస్ఎల్వీ లేచినప్పుడు ఆయన్నే పిలిచి చేతికిచ్చాను. ఫోన్‌లో లైవ్ వెనకబడి రాకెట్ ఇంకా అప్పుడే లేస్తోంది, మా ముందు అది కొబ్బరిచెట్టు దాటేసి తూర్పుకి వంగింది. బైనాక్యులర్‌లో మంట ఒక చుక్కలా కాదు, తోకతో సహా అదురుతూ కనిపిస్తుంది. ఇప్పుడు పేపర్‌లో ప్రయోగం వార్త నాకంటే ముందు ఆయనే చూస్తున్నారు. "తంబీ, రేపు రాకెట్ ఉందంట" అని మెట్ల దగ్గరే ఆపుతారు.

2025 మే 18న కూడా ఆయనే లేపారు. ఉదయం 5:59కి ప్రయోగం, అప్పటికే తెల్లారిపోయింది, రాత్రి ఉండే అందం లేదు. తెల్లటి గీతని వీలైనంత దూరం వెంబడించి కాఫీకి దిగాం. టీవీలో చెబుతున్నారు, మూడో దశలో తేడా వచ్చి ప్రయోగం పూర్తి కాలేదని. అమ్మ పుట్టిల్లు సూళ్ళూరుపేట, రాకెట్ లేస్తే కిటికీలు అదిరే ఊరు. టీవీ వైపు కాసేపు చూసి, "మన మిద్దె దాటేదాకా బాగానే పోయిందే" అంది.